పూజ గది వెనక గోడ

రాజమహేంద్రవరం,
ఏప్రిల్ 10.

శ్రీమతి అమ్మాజీ గారికి,

నమస్కారం. బావగారు పోయాక మన రెండు కుటుంబాలూ ఇల్లు పంచుకున్నప్పుడు రాసుకున్న కాగితంలో, ఉమ్మడి గోడ మీద చెయ్యి వేసేముందు రెండో వాటావారికి రాతపూర్వకంగా తెలియజేయాలని ఉంది. ఆ షరతు పట్టుబట్టి రాయించింది మీరే. అందుకే ఈ ఉత్తరం. లేకపోతే మీకు ఉత్తరం రాసే ముచ్చట నాకేమీ లేదు.

మా పడకగదిని ఆనుకుని ఉన్న బాత్‌రూం మొత్తం పగలగొట్టి కొత్తగా కట్టిస్తున్నాను. మీ హయాంలో వేసిన ఎర్ర గచ్చు, సిమెంటు తొట్టి, రంగు వెలిసిన ఆ చెక్క తలుపు అన్నీ పోతాయి. స్కూలు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను పెట్టుకున్న మొదటి పని ఇదే.

ప్లాను ఇలా ఉంది. గది పొడుగు ఉత్తర దక్షిణాలు కదా. దక్షిణం చివర కిటికీ పక్కన వానలా కురిసే షవరు, దానికి అద్దం తలుపు. మధ్యలో వాష్‌బేసిను, నిలువెత్తు అద్దం. ఉత్తరం చివర, తూర్పు గోడకు ఆనించి, కమోడు. గోడకు వేలాడే రకం. దాని నీళ్ళ ట్యాంకు గోడలోపలే దాగి ఉంటుంది కాబట్టి గోడను కొంత తొలవాలి. ఆ గోడకు అవతల ఏముందో మీకు చెప్పక్కర్లేదు. మీ పూజ గది ఉంది.

ఫ్లష్ చేస్తే అవతలికి వినపడుతుందా అని అచ్చిబాబు మేస్త్రీని అడిగాను. "వినపడుద్దండి. మీకంటే ఆళ్ళకే బాగా వినపడుద్దండి" అన్నాడు. అయితే అక్కడే పెట్టమన్నాను.

మీ అభ్యంతరాలేమైనా ఉంటే రాసి పంపండి. పట్టించుకోను గానీ జాగ్రత్తగా దాచుకుంటాను.

అమలాపురంలో మీ మోకాళ్ళ ఆపరేషను తర్వాత ఎలా ఉన్నారో అడగమని మా ఆయన చెప్పారు. అడిగాను.

ఇట్లు,
ఉమాశ్రీ, పడమటి వాటాదారు.


అమలాపురం,
ఏప్రిల్ 18.

చిరంజీవి సౌభాగ్యవతి ఉమాశ్రీకి,

అక్కయ్య అమ్మాజీ ఆశీర్వదించి రాయునది. ఆశీర్వాదం చూసి మురిసిపోకు. చిన్నవాళ్ళకి అలా మొదలుపెట్టకుండా ఉత్తరం రాయకూడదని మా అమ్మ నేర్పింది, అందుకని రాశాను. నీ మొగుడి ఆయుష్షు కోరి సౌభాగ్యవతి అన్నాను. మణి నా చేతి అన్నం తిని పెరిగిన మరిది.

ఫోను చేసి నాలుగు దులిపేద్దామనే అనుకున్నాను. కానీ కోరుకొండ మెట్లన్నీ ఎక్కి, ఈ జన్మలో నీతో నోరు విప్పి మాట్లాడనని నరసింహస్వామి ముందు ఒట్టు పెట్టుకున్నాను. ఫోనులో మాట్లాడినా నోటితోనే కదా. వాట్సాప్‌లో పెడదామంటే నా ఫోను మా అమ్మాయి హారతి చేతిలో ఉంటుంది. అమ్మా పిన్నీ ఏం తిట్టుకుంటున్నారో అని మొగుడికి కూడా చదివి వినిపిస్తుంది. అందుకని ఉత్తరం. ఒట్టు నోటికే, చేతికి లేదు.

ఆ ఒట్టు ఎందుకు పెట్టుకున్నానో మర్చిపోయావేమో. చీట్లు వేస్తే పూజ గదీ పెరడూ నా వాటాకి వచ్చాయి, బాత్‌రూం నీ వాటాకి వెళ్ళింది. ఆ సాయంత్రానికే దానికి తాళం వేశావు. కాపురానికి వచ్చిన నాటినుంచీ నేను స్నానం చేసిన గది. మీ బావగారు పోయి ఏడాది కూడా తిరగలేదు. ఆ తాళం చూశాకే నేను కొండెక్కాను. అప్పటినుంచీ పెరటి బాత్‌రూమే వాడుకుంటున్నాను. ఏనాడైనా నీ గుమ్మంలోకి వచ్చి అడిగానా?

ఇప్పుడు కమోడు తెచ్చి దేవుడి గోడకి ఆనిస్తావా? అక్కడున్నవి మామగారు పూజ చేసుకున్న సాలగ్రామాలు. నా ఒక్కదానివే కావు, నీ మొగుడివి కూడా. నా మీద కోపముంటే నా మీద చూపించు. దేవుడి మీద చూపిస్తే నువ్వేం బాగుపడతావు?

పైగా అది ఎంత తెలివితక్కువ పనో చెప్పనా? మురుగు గొట్టం దక్షిణం వైపు పెరట్లోకి దిగుతుంది. ఉత్తరం చివర కమోడు పెడితే ఆ మురుగంతా గది పొడుగునా నేలకింద నడవాలి. వాలు చాలదు. ఏడాది తిరక్కుండా పూడుకుపోతుంది. కమోడు దక్షిణం గోడకి పెట్టుకో, స్నానం మధ్యలో పెట్టుకో. ఇది నీ మంచికి చెప్పడం లేదు. నా గోడ నానుతుందని చెబుతున్నాను.

ఇంకొక మాట. పంపకాల్లో వెండి సామానంతా వదిలేసి నా పూజగంట ఒక్కటి పట్టుకుపోయావు. బజార్లో కొన్న గంటతో హారతి ఇస్తున్నాను, రేకు డబ్బా మోగినట్టు మోగుతుంది. నువ్వు పూజ చేసిన పాపాన పోలేదు కదా. నీకెందుకు ఆ గంట?

అమ్మాజీ.


రాజమహేంద్రవరం,
మే 6.

అమ్మాజీ గారికి,

గొట్టం సంగతి అచ్చిబాబు కూడా చెప్పాడు. నేల ఒక మెట్టు ఎత్తు లేపితే వాలు వస్తుందట. లేపమన్నాను. ఇక ఆ సమస్య లేదు.

పాత గచ్చు పగలగొట్టడం అయింది. మొదటి సమ్మెట దెబ్బ నేనే వేశాను. "మీకెందుకండీ అమ్మగారూ, చేతులు బొబ్బలెక్కిపోతాయండీ" అని అచ్చిబాబు నవ్వాడు. ఎక్కాయి. వాటిని చూసుకుంటుంటే హాయిగా ఉంది. మా ఆయన మాత్రం సమ్మెట చప్పుడు మొదలవగానే చొక్కా వేసుకుని గోదావరి గట్టుకు వెళ్ళిపోతున్నారు. వదినగారికి కోపం వస్తుందని భయం. నాకు కోపం వస్తుందని ఆయన ఎప్పుడూ భయపడలేదు.

గంట ఎందుకని అడిగారు. మీకు తెలియదంటే నేను నమ్మను. అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేసరికి ఇంటి లోపల ఉన్నది ఆ ఒక్క బాత్‌రూమే. అది మీ మడి స్నానానికి. నేను రోజూ బస్సెక్కి కడియం స్కూలుకు వెళ్ళి అందర్నీ తాకి వచ్చేదాన్ని కనుక అందులోకి నాకు ప్రవేశం లేదు. నాకు పెరట్లోది. నాచు పట్టిన బండల మీంచి నడిచి వెళ్ళాలి. లోపలిదానికి తాళం, తాళంచెవి మీ బొడ్డున.

ఆషాఢంలో ముసురు పట్టిన రోజు. నాకు ఆరో నెల. పొద్దున్నుంచీ నడుం లాగేస్తోంది, కళ్ళు తిరుగుతున్నాయి. మీరు పూజ గది తలుపు వేసుకుని జపంలో ఉన్నారు. తలుపు దగ్గర నిలబడి, "అక్కయ్యా, తలుపు తియ్యండి. పెరట్లోకి వెళ్ళలేను, ఈ ఒక్క రోజుకీ తాళంచెవి ఇవ్వండి" అని పిలిచాను. లోపల గంట మోగింది. జపంలో ఉన్నాను, కదిలించవద్దు అని మన ఇంట్లో దానికి అర్థం. మళ్ళీ పిలిచాను. మళ్ళీ గంట మోగింది. పెరట్లోకి నడిచాను.

ఆ బండ మీద జారాను. బిడ్డ పోయింది. ఆ తర్వాత నా కడుపున ఇంకొక బిడ్డ పడలేదు. మీరు ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చుని, "భగవంతుడి నిర్ణయం" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు కూడా తాళంచెవి మీ బొడ్డునే ఉంది. నేను చూశాను.

ఆ గంట మీ చేతిలో ఇంకోసారి మోగకూడదని తీసుకున్నాను. నా బీరువాలో చీరల కింద ఉంది. ఇక మీ దేవుడికి గంట బదులు నా ఫ్లష్ వినిపిస్తుంది. మా ఆయనా నేనూ ఇద్దరం రిటైరై ఇంట్లోనే ఉన్నాం కనుక బాగానే వినిపిస్తుంది.

ఉమాశ్రీ.


అమలాపురం,
మే 20.

ఉమాశ్రీకి, అమ్మాజీ రాయునది.

నీ ఉత్తరం చదువుతుంటే హారతి వచ్చి, పిన్ని ఏం రాసిందని అడిగింది. కరెంటు బిల్లు గురించి అని చెప్పి దిండు కింద పెట్టుకున్నాను.

ఆ రోజు సంగతి నువ్వు నాకు గుర్తుచెయ్యక్కర్లేదు. అంతకంటే దాని గురించి ఏమీ రాయను.

గోడ సంగతికి వద్దాం. నువ్వు ఆ గోడ తొలిచిన మర్నాడే నా వాటా అద్దెకిచ్చేస్తాను. మనిషిని కూడా చూసి పెట్టుకున్నాను. హారతి వాళ్ళ వీధిలో వీరవెంకటసత్యనారాయణ అని ఒకడున్నాడు. పేరు వింటే చేతులు జోడించాలనిపిస్తుంది. వాడు వారం వారం యానాం వెళ్ళి సీసాలు తెచ్చుకుంటాడు, తాగాక పద్యాలు పాడతాడు. పాత నాటకాల పద్యాలు, రాగం తియ్యడం మొదలుపెడితే వీధి చివరి కుక్కలు కూడా లేస్తాయి. రాజమండ్రిలో ఇల్లు కావాలని తిరుగుతున్నాడు. దేవుళ్ళని ఇక్కడికి తెచ్చేసుకుని, పూజ గదిలోనే మంచం వేసుకోవయ్యా అని చెబుతాను. నీ కమోడుకి వాడి పద్యం సరిపోతుంది.

బెదిరిస్తున్నాననుకోకు. నేను ఒక మాట అన్నానంటే దాని మీద నిలబడతానని నీకు తెలుసు.

మోకాళ్ళు ఇంకా కుదురుకోలేదు. మరి కొన్ని నెలలు ఇక్కడే ఉంటాను. ఆలోగా ఆ గోడ ముట్టుకోకు.

అమ్మాజీ.


రాజమహేంద్రవరం,
జూన్ 17.

అక్కయ్య గారికి,

నిన్న నాగదుర్గ పాలు పోసి, కట్టుబడి చూస్తానని లోపలికి వచ్చింది. టైల్సు చూసి మెచ్చుకుని, "ఆవిడగారికి కూడా ఇలాంటిది ఓటి కట్టించండమ్మా. మళ్ళీ ఆ బండ మీద పడితే ఇంక లేవలేరు" అంది. మళ్ళీ ఏంటే అని అడిగాను. నాలుక కరుచుకుంది. గిన్నె తీసుకుని వెళ్ళబోతే గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. అంతా చెప్పించాను. చెప్పనని మీరు దానిచేత కూడా ఒట్టు వేయించారట. దాని తప్పు లేదు, దాన్నేమీ అనకండి.

మోకాళ్ళు కాదట. శివరాత్రి మర్నాడు పొద్దున్న పెరటి బండ మీద పడ్డారట. తుంటి ఎముక విరిగిందట. నాగదుర్గ వెనక సందులోంచి పాలు పట్టుకొచ్చేదాకా ఆ తడిలోనే పడి ఉన్నారట. అదే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళిందట. నాకు మోకాళ్ళని చెప్పమని మా ఆయనకు మీరే చెప్పారట. ఆయనతో నేను వేరేగా మాట్లాడుకుంటాను.

ఆ పొద్దున్న నేను ఇంట్లోనే ఉన్నాను. వంటింట్లో కొబ్బరి పచ్చడి మిక్సీలో వేస్తున్నాను. మీరు పడిన చోటికీ నా వంటింటి కిటికీకీ మధ్య ఉన్నది పెరటి గోడ ఒక్కటే. ఒక్క కేక వేస్తే వినపడేది. కేకెందుకు వెయ్యలేదండీ అని నాగదుర్గ ఆటోలో అడిగితే, "ఇంట్లో అది ఒక్కతే ఉంది. దానికీ నాకూ మాటల్లేవు" అన్నారట.

నాకు జాలి వేసిందనుకుంటున్నారేమో. లేదు. ఒళ్ళు మండిపోయింది. రాత్రి అన్నం కూడా సయించలేదు. ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసింది ఆ కేక కోసమే. మీరు ఒక రోజు నన్ను పిలవాలి, నేను విని కూడా కదలకుండా కూర్చోవాలి. నేను దేవుణ్ణి ఏదైనా అడిగానంటే అదే అడిగాను. ఆ రోజు నా కిటికీ దాకా వచ్చింది, మీరు నోరు మూసుకుని పడుకున్నారు. పిలిచి ఉంటే నేను వచ్చేదాన్నో రానో ఇప్పుడు నాకే తెలియదు. బిడ్డను పోగొట్టారు, తాళంచెవి దాచుకున్నారు, చివరికి నా పగ కూడా నాకు దక్కనివ్వలేదు.

గోడ పని ఆపించాను. మీ యానాం పద్యాలకు భయపడి కాదు. ఎందుకు పిలవలేదో మీరు రాస్తేగానీ నాకు ఏ పనీ సాగేలా లేదు. ఒట్టు అని మాత్రం రాయకండి.

ఉమ.


అమలాపురం,
జూలై 4.

ఉమకి,

ఒట్టు అని రాయవద్దన్నావు. సరే, రాయను. నాగదుర్గతో అలా అన్నది నిజమే. ఆటోలో అంతకంటే ఏం చెప్పను దానికి?

పడ్డాక కాలు కదలలేదు. మొదట నొప్పి కూడా తెలియలేదు. బోర్లాపడ్డ బకెట్టు కనిపిస్తోంది, నీ మిక్సీ వినిపిస్తోంది. మిక్సీ ఆగింది. నీ పేరు నోటిదాకా వచ్చింది. పిలిస్తే వస్తావా అని ఆలోచించాను. రావనిపించింది. పిలిచాక రాకపోతే ఎలా ఉంటుందో నీకు తెలుసు. అది నాకు తెలియకుండానే పోతే బాగుండుననుకున్నాను. అందుకని నోరు నొక్కుకున్నాను. ఇంతకంటే వివరంగా రాయమంటే నావల్ల కాదు.

డాక్టరు రెండు మాటలు చెప్పాడు. ఇక జన్మలో గొంతుక్కూర్చోకూడదు, ఇంకోసారి పడితే మంచమే. నా వాటాలో ఉన్నది పెరట్లోదేనని, అక్కడ గొంతుక్కూర్చోవాల్సిందేనని ఆయనకి చెప్పలేదు. హారతి ఇక్కడే ఉండిపొమ్మంటోంది. అల్లుడు మంచివాడే. కానీ వీళ్ళింట్లో బాత్‌రూమ్‌కి వాళ్ళ పడకగదిలోంచి నడిచి వెళ్ళాలి. పొద్దున్నే వాళ్ళు తలుపు తీసేదాకా వాకరు పట్టుకుని బయట నిలబడతాను. పిలవడానికి సిగ్గు. నేను నిలబడ్డానని వాళ్ళకి తెలియదు.

దసరా వెళ్ళాక నా ఇంటికి నేను వచ్చేస్తాను. పెరట్లోదే వాడుకుంటాను. పడితే పడతాను. నీ కమోడు నీకు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో. వీరవెంకటసత్యనారాయణకి అద్దెకివ్వనులే. వాడికి ఇక్కడే ఎవరో ఇల్లు ఇచ్చారు, పాపం వాళ్ళకి తెలియదు.

అమ్మాజీ.


రాజమహేంద్రవరం,
ఆగస్టు 2.

అక్కయ్య గారికి,

ఈ ఉత్తరం చదివి నేను కరిగిపోయానని అనుకోకండి. పూర్తిగా చదివాక మీకే తెలుస్తుంది.

ప్లాను మార్పించాను. అచ్చిబాబు నెత్తి బాదుకున్నాడు. కమోడు దక్షిణం గోడకు మారింది, మీరు చెప్పినట్టే. వేలాడేది కాదు, నేల మీద నిలబడేది, మామూలు వాటికంటే కాస్త ఎత్తు. పక్క గోడకు పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ. నేల ఎత్తు లేపిన మెట్టు తీయించేశాను, గడప కూడా ఉండదు. షవరు మధ్యలోకి వచ్చింది, దాని కింద కూర్చుని స్నానం చెయ్యడానికి గ్రానైటు బల్ల. అద్దం తలుపు మానేశాను, అది ఉంటే వాకరు తిరగదు. ఉత్తరం చివర, మీ పూజ గది గోడకు, వాష్‌బేసిను వస్తుంది. టైల్సు గరుకువి. నేను మొదట ఎంచుకున్న నున్నటి తెల్ల టైల్సు కొట్టువాడికి తిరిగి ఇచ్చేశాను. నిలువెత్తు అద్దం మాత్రం ఉంచుకున్నాను.

తూర్పు గోడలో, మీ పూజ గది పక్కనున్న సామాన్ల గదిలోకి, ఒక తలుపు పెట్టిస్తాను. వాకరు పట్టేంత వెడల్పు. మీ గదిలోంచి నాలుగడుగులు వేస్తే చాలు, తడి తగలదు.

ఆ తలుపుకు గొళ్ళెం నా వైపే ఉంటుంది. మీ వైపు పిడి కూడా ఉండదు. మీరు లోపలికి రావాలంటే నన్ను పిలవాలి. తలుపు తట్టడం, వాకరుతో నేల మీద కొట్టడం, నాగదుర్గ చేత కబురు పెట్టడం కుదరదు. మీ నోటితో, నా పేరు పెట్టి, తలుపు తియ్యమని పిలవాలి. పిలిచాక తీస్తానని నేను మాట ఇవ్వను. మీరు నాకు ఇవ్వలేదు.

మీ స్వామి ముందు పెట్టుకున్న ఒట్టు నిలబెట్టుకుంటారో, తుంటి నిలబెట్టుకుంటారో మీ ఇష్టం.

గోడ కొట్టడానికి మీ అంగీకారం రాతపూర్వకంగా పంపండి. కాగితంలో అలాగే ఉంది.

ఉమ.


అమలాపురం,
సెప్టెంబరు 1.

ఉమకి,

గోడ కొట్టడానికి అంగీకరిస్తున్నాను. ఇదే నా రాత.

చాలా రోజులు ఆలోచించి ఈ ముక్క రాస్తున్నాను. నువ్వు అడిగేది చిన్నదేమీ కాదు. కోరుకొండ స్వామి ఉగ్రమూర్తి. ఆయన ముందు అన్న మాట ఆడి తప్పమంటున్నావు, అదీ కాలకృత్యాల కోసం. పెద్దదాన్ని, రోజూ పొద్దున్నే నీ తలుపు ముందు నిలబడి నీ పేరు పెట్టి పిలవమంటున్నావు. నువ్వు ఇంత కఠినురాలివని నేను అనుకోలేదు. ఎలా అయ్యావని మాత్రం అడగను.

నేను పిలవను. రాసిపెట్టుకో. పిలవనిదానివి తలుపుకెందుకు ఒప్పుకున్నావని అడిగితే, మణి మొహం చూసి ఒప్పుకున్నాను. రెండువైపులా తిట్లు తిని వాడు సగమైపోయాడని హారతి చెప్పింది.

కడ్డీ కుడిచేతి వైపు బిగించమను, నాకు విరిగింది ఎడమ తుంటి. బల్లకి అంచులు గుండ్రంగా చెక్కించు. పూజ గది మధ్యగోడ సమ్మెటతో కొట్టేటప్పుడు సాలగ్రామాలు అదిరి కిందపడతాయి. మణి చేత మడి కట్టించి వాటిని ముందు గదిలోకి మార్పించు. నువ్వు ముట్టుకోకు.

అమ్మాజీ.


రాజమహేంద్రవరం, తూర్పు వాటా,
అక్టోబరు 28.

ఉమకి,

నోరు విప్పాను కదా, ఇంకా ఈ ఉత్తరం ఏమిటంటావేమో. ఎదురుగా నిలబడి చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. నాగదుర్గ చేత పంపుతున్నాను.

వచ్చిన దగ్గర్నుంచీ దాని భుజం పట్టుకుని పెరట్లోకి వెళ్ళడం నీ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నావు. డాక్టరు వద్దన్న పని ఎలా చేశానో, ఎంత నొప్పి పడ్డానో అది చెప్పే ఉంటుంది. నిన్న తుఫాను వాన. పెరడంతా మోకాలి లోతు నీళ్ళు. నాగదుర్గ రాలేకపోయింది. తెల్లవారినప్పటినుంచీ ఓర్చుకున్నాను. ఇక ఆగలేక సామాన్ల గదిలోకి వచ్చి ఆ తలుపు ముందు నిలబడ్డాను.

నువ్వు అవతలే ఉన్నావని తెలుసు. నీ గాజుల చప్పుడు వినిపించింది. నా వాకరు చప్పుడు నీకు వినిపించే ఉంటుంది. ఇద్దరం అలాగే నిలబడ్డాం. మనసులో స్వామికి దణ్ణం పెట్టుకుని, "ఉమా, తలుపు తియ్యమ్మా" అన్నాను. ఏళ్ళ తర్వాత పలికిన పేరు.

నువ్వు గంట కొట్టావు.

నా గంట. వినగానే గుర్తుపట్టాను. అన్నేళ్ళు ఆ గంట నా చేతిలో మోగింది గానీ, తలుపు బయట నిలబడి నేనెప్పుడూ వినలేదు. ఎంత చక్కగా మోగుతుందో. నాకు ఏడుపొచ్చింది అందుకే. ఇంత చక్కటి చప్పుడు విని నువ్వు ఆ రోజు వానలోకి నడిచావు.

మళ్ళీ పిలిచాను. మళ్ళీ కొట్టావు. ఇక పెరటికే పోదాం, ఏమైతే అదే అవుతుందని వాకరు వెనక్కి తిప్పాను. అప్పుడు గొళ్ళెం తీశావు. నీ చేతిలో గంట ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. చూడనట్టు నటించి లోపలికి వెళ్ళాను. నువ్వూ నన్ను చూడనట్టే నిలబడ్డావు.

నీకు కావలసింది దొరికిందా ఉమా? అది తెలుసుకుందామనే ఈ ఉత్తరం రాస్తున్నాను. నన్ను క్షమించమని అడగను. ఆ బిడ్డ బతికుంటే ఈపాటికి వాడి పిల్లలు ఈ ఇంట్లో తిరుగుతుండేవాళ్ళు. ఆ సంగతి నేను రోజూ అనుకుంటాను. నీకు చెప్పలేదు, చెప్పినా నీకు ఒరిగేది ఏమీ లేదు.

స్వామి దగ్గరికి కొండెక్కలేను కనుక ఒట్టు తప్పిన ముడుపు పసుపు గుడ్డలో కట్టి పెట్టాను. మణి చేత పంపించు.

వేడినీళ్ళ పంపు తప్పువైపు బిగించారు. చెయ్యి కాలింది.

అక్కయ్య.


రాజమహేంద్రవరం, పడమటి వాటా,
అక్టోబరు 28, సాయంత్రం.

అక్కయ్యా,

దొరికిందా అని అడిగారు. మొదటిసారి గంట కొట్టినప్పుడు దొరికింది. ఒళ్ళంతా చల్లబడింది. రెండోసారి కొడుతుంటే మీ వాకరు వెనక్కి తిరిగిన చప్పుడు వినిపించింది.

ఆ రోజు నేను వెనక్కి తిరిగి పెరట్లోకి నడిచినప్పుడు నా అడుగుల చప్పుడు మీకు వినిపించే ఉంటుంది. మీరు లేవలేదు. నిన్న నేను గొళ్ళెం తీశాను. మీకు ఇంకేదో శిక్ష వెయ్యాలనుకున్నాను గానీ, చివరికి గొళ్ళెం తియ్యడమే మీకు శిక్ష అయింది. రోజూ ఆ తలుపు దాటి వస్తూ ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

మిమ్మల్ని నేను క్షమించలేదు. క్షమిస్తానో లేదో నాకు తెలియదు. పంపు రేపు మార్పిస్తాను, ముడుపు ఆయన ఆదివారం తీసుకెళ్తారు.

గంట నాగదుర్గ చేతికిచ్చి పంపుతున్నాను. మీ దేవుడి దగ్గర పెట్టుకోండి. హారతి ఇచ్చేటప్పుడు మోగించుకోండి, జపంలో మాత్రం వద్దు. ఎవరైనా తలుపు దగ్గర పిలిస్తే లేచి వెళ్ళండి.

గొళ్ళెం నా వైపే ఉంటుంది. నేను పెందలాడే లేస్తాను. రేపు పొద్దున్న కూడా పిలవండి.

ఉమ.